సీతాలు పెట్టిన పేరు

రామయ్యపట్నం సీతాలుకి ఫోనులో మాట్లాడటం రాదు. నొక్కడం రాక కాదు, అది నేర్చుకుంది. పచ్చ బొత్తాం నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాక, అవతలి మనిషి ఎంత మెల్లగా మాట్లాడినా సరే, ఆమె మాత్రం ఒడ్డున నిలబడి అల దాటిపోయిన పడవని పిలిచినట్టే అరుస్తుంది. హలో అనదు. "ఏటి?" అంటుంది. వినపడకపోతే ఇంకా గట్టిగా "ఏటీ?" అంటుంది. బాగా వినపడినా సరే, ముందు "ఏటి" అన్నాకే తక్కిన మాట. ఊరంతా అంతే. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రపు హోరు మీద మాట్లాడుకుంటూ పెరిగినవాళ్ళు. ఎవరు పిలిచినా, ఉన్నాను, విన్నాను, చెప్పు అనడానికి వాళ్ళకి ఆ ఒక్క మాట చాలు.

ఆ మాట వల్ల సీతాలు ఒక పూటంతా ఎంత కుమిలిపోయిందో, ఆమె చేపలమ్మే బరంపురం లంజిపల్లిలో ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ పూట అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు.

సీతాలుకి అప్పటికి నలభై దాటాయి. మొగుడు దేముడు పారాదీపు బోట్ల మీద ఉండేవాడు. ఆమె తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్ళి చేపలు ఏరుకుని, గంప నెత్తిన పెట్టుకుని, మొదటి ట్రెక్కరు జీపులో బరంపురం వచ్చేది. ఇరవై ఏళ్ళ నుంచి లంజిపల్లిలో అవే ఇళ్ళు. మూడో సందులో ఒక ఒడియా ముసలావిడ ఉండేది. సీతాలు ఆవిణ్ణి మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచేది. ఆవిడ పెరటి మెట్ల మీద కత్తిపీట వేసుకుని కూచుంటే సందులో వాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని అక్కడికే వచ్చేవారు.

మావుసీ ఇంటి పక్క మేడ వాసవీకుమారిది. పట్టుచీరల దుకాణం ఉన్నవాళ్ళు. నీచు ముట్టరు. ఇరవై ఏళ్ళలో సీతాలు ఆ గేటు దాటలేదు. దాటవలసిన పని లేదు. అయినా వాళ్ళిద్దరికీ రోజూ మాట ఉండేది, గోడకి ఇటొకరు, మేడ మీద ఒకరు.

"సీతాలూ, ఆ గంప అవతలికి జరుపు. గాలి ఇటే కొడుతోంది."

"గాలికి నానేటి సెప్పనమ్మా? అది నా మాటింటాదా?"

"ఏటి కాదే. ఏమిటి. ఏ-మి-టి. ఇన్నేళ్ళుగా ఊళ్ళోకి వస్తున్నావు, ఒక్క మాట తిన్నగా అనవు."

"అలాగేనమ్మా. ఏమిటి. ఏమిటి సందువలు, ఏమిటి బాగున్నాయి, సూడండి!"

వాసవీకుమారి ముక్కు మీద కొంగు వేసుకుని నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది.

ఆ మేడ మీద గదిలోంచే ఒకరోజు పొద్దున సీతాలుకి ఆ చప్పుడు వినపడింది. చేతిలో కానాగడత చేప ఉంది, కత్తి మీద సగం తెగి ఉంది. అలాగే ఆగిపోయింది. గిటారు. ముందు తీగలన్నీ ఒక్కసారి కొట్టినట్టు గట్టిగా, వానకి రేకు మోగినట్టు మోగింది. తర్వాత ఒక్కొక్క తీగా విడివిడిగా పలికింది. ఆ విడివిడిగా పలికేది ఆమెకి తెలుసు. అలాంటి పలుకే తన ఇంట్లో ఒకప్పుడు ఉండేది. మూడేళ్ళ నుంచి లేదు.

"ఎవరు మావుసీ అది?"

"భీమేశ్వర్. కుమారి కొడుకు. దుకాణం తెరిచేదాకా రోజూ ఇదే గోల," అంది మావుసీ. ఆవిడ తెలుగు బాగానే మాట్లాడేది, తనకి కావలసినప్పుడు.

సీతాలు తమ్ముడు పైడన్న ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్న. వాణ్ణి కన్న ఏడాదికే తల్లి మంచం పట్టింది. తండ్రి గంగన్న ఎప్పుడూ నీళ్ళ మీదే. తర్వాత సీతాలుకి ఇద్దరు పిల్లలు పుట్టారు గానీ ఆమె చంకనెక్కిన మొదటి బిడ్డ తమ్ముడే. వాడు ఎక్కడ ఆడుకుంటున్నా, గుమ్మంలో నిలబడి "ఒరే పైడీ" అని కేకేస్తే, పడవల వెనక నుంచో ఇసక దిబ్బ మీద నుంచో "ఏటే?" అని పలికేవాడు. ఆ పలుకు వినపడితే చాలు, వాడు ఎక్కడున్నాడో చూడకుండానే ఆమె లోపలికి వెళ్ళి తన పని చేసుకునేది.

పదిహేడో ఏట గోవా బోట్లకి వెళ్ళాడు. వేట లేని నెలల్లో అక్కడి బీచి హోటల్లో గిన్నెలు తోమేవాడు. ఆ హోటలుకి ఏటేటా ఒక ముసలి పరదేశీ వచ్చేవాడట. సాయంత్రమైతే మెట్ల మీద కూచుని గిటారు వాయించేవాడట. ఒకరోజు ఒక దేశపు పాట, ఒకరోజు ఇంకో దేశపు పాట. పైడన్న గిన్నెలు తోముతూ చూసేవాడు. చూసి చూసి, ఆయన వేళ్ళు పోయే దారి పట్టేశాడు. తర్వాత ఆయనే పక్కన కూచోబెట్టుకుని నేర్పాడు. ఇక రానని చెప్పి వెళ్ళిపోయిన ఏడాది ఆ గిటారు వాడి చేతిలో పెట్టి వెళ్ళాడు.

దాంతో ఊరికి వచ్చినప్పుడు ఒడ్డు మీద నవ్వులే నవ్వులు.

"పైడిగాడు వల మానీసి డబ్బా తెచ్చినాడ్రా!"

"వాయించడవే గానీ పాడడేటి? పాటకి నోరు నేదేటి?"

"నోరున్నోల్లు మీరున్నారు కదరా, ఇంకొకటెందుకు," అనేది సీతాలు. ఆమెకీ ఆ పాటల్లో మాట లేకపోవడం మొదట్లో వింతగానే ఉండేది. తర్వాత అదే బాగుందనిపించింది. మాటలుంటే వాటి వెంట పోవాలి. ఇది వింటూ చేపలు ఎండబెట్టుకోవచ్చు, వల కుట్టుకోవచ్చు, మన ఆలోచన మనం ఆలోచించుకోవచ్చు.

గోవా వెళ్ళిన తొమ్మిదో ఏడు బోటు మీద వల లాగే చక్రంలో పైడన్న ఎడం చెయ్యి పడింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ పోయాయి. కట్టు కట్టుకుని ఇంటికి వచ్చాడు. గిటారుని పాత వలముక్కలో చుట్టి దూలానికి వేలాడగట్టాడు. ఆ తర్వాత అన్నం పెడితే తినేవాడు, పని చెబితే చేసేవాడు, కుడిచేత్తో చేపలు వేరుచేసేవాడు. కానీ గుమ్మంలో నిలబడి "ఒరే పైడీ" అని ఎన్నిసార్లు కేకేసినా పలికేవాడు కాదు. వచ్చి ఎదురుగా నిలబడేవాడు, అంతే. సీతాలు లోపలికి వెళ్ళలేక గుమ్మంలోనే ఉండిపోయేది.

అందుకే ఆ పొద్దున ఆమె సగం తెగిన చేపని అలాగే వదిలేసింది. మావుసీ దగ్గర పసుపు అడిగి మోచేతుల దాకా రుద్దుకుంది, నిమ్మతొక్కతో మళ్ళీ రుద్దుకుంది. గంప అక్కడే పెట్టి వాసవీకుమారి గేటు ముందుకి వెళ్ళి నిలబడింది. పిలవడానికి గొంతు రాలేదు. రోజూ సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా అరిచే మనిషికి.

వాసవీకుమారే చూసింది. "ఏమిటే? గంపేది?"

"గంప నేదమ్మా. సేతులు కడుక్కున్నాను." రెండు చేతులూ ఎత్తి చూపించింది. "మీ అబ్బాయిగోర్తో ఒక్క మాట."

భీమేశ్వరరావు దిగి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, మనుషులంటే కొంచెం మొహమాటం. తమ్ముడి సంగతి సీతాలు చెప్పింది. రెండు వేళ్ళు లేవని మాత్రం ముందే చెప్పేసింది, తర్వాత తెలిసి వాపోకూడదని. అతను గేటు మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించాడు. "నేను పదిహేనేళ్ళ నుంచి ఒక్కణ్ణే వాయించుకుంటున్నానమ్మా. ఈ ఊళ్ళో నాతో వాయించేవాడు ఒక్కడు దొరకలేదు. తీసుకురండి," అన్నాడు.

తనతో ఎవరైనా "తీసుకురండి" అని మర్యాదగా అనడం సీతాలుకి అదే మొదటిసారి. ఆ మాట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంటికి వచ్చి చెబితే పైడన్న చెయ్యి చూపించాడు. తర్వాత దూలం వైపు చూపించాడు. ఉప్పుగాలికి మూడు తీగలు తెగి వేలాడుతున్నాయి. "ఏళ్ళూ నేవు, తీగలూ నేవు. ఏటి వాయించమంతావు?" అని, వల మీదకి వంగిపోయాడు.

వేళ్ళు సీతాలు తేలేదు. తీగలు తేగలదు. ఆ గిటారుకి కట్టేవి ఇనుప తీగలు కావని, గాజులా మెరిసే నైలాను దారాలని ఆమె ఎప్పుడో చూసింది. తంగూసు లాంటివే. వలలు అల్లే ఇంట్లో తంగూసుకి కరువా? మర్నాడు పైడన్న ఒడ్డున ఉండగా గిటారు దింపింది. తెగిన మూడు దారాల మొదళ్ళనీ పెదవుల మధ్య పెట్టి లాగి లావు చూసుకుంది. వలకి దారం ఎంచేవాళ్ళు కంటితో చూడరు, పెదవితోనే చూస్తారు. అదే లావులో మూడు తంగూసులు కోసింది. దారం లోపల గుచ్చేటప్పుడు గిటారు కడుపులోకి తొంగి చూసింది. లోపలి చెక్క మీద పెన్సిలుతో మూడు గుర్తులు గీసి ఉన్నాయి. మూడు పళ్ళ దువ్వెన ఒకటి, అడ్డకర్ర వేసిన తెరచాప కొయ్య ఒకటి, పక్కన ఉత్త కర్ర ఒకటి. కంపెనీవాళ్ళ గుర్తేమో అనుకుంది. చదువు రాని కళ్ళు ఆమెవి, చూసింది మాత్రం మరిచిపోవు.

మూడింటికీ వలముడి వేసింది. వలముడి జారదు. మరలు తిప్పి బిగించింది. సాయంత్రం పైడన్న గుమ్మం ఎక్కుతుండగా వేలితో టింగుమని మీటింది.

పైడన్న మొహం నిమ్మకాయ కొరికినట్టు అయిపోయింది.

ఆమె ఇంకో దారం మీటింది. ఇంకా ఘోరంగా ఉంది. మూడోది పిల్లి అరిచినట్టుంది. ముందు ఆమెకీ తెలియదు అది బాగోలేదని. వాడి మొహం చూశాక తెలిసింది. తెలిసి, ఆపకుండా వాయించింది.

"ఆపప్పా," అన్నాడు. అక్కని వాడు అప్పా అనే పిలుస్తాడు.

"బాగుంది కదరా. రేపు ఈదిలోకి అట్టుకెల్లి అందరికీ ఇనిపిత్తాను."

"ఆపుతావా నేదా? అలాగ కాదు. ఇలాగియ్యి!"

లాక్కున్నాడు. నేల మీద కూచుని ఒక్కొక్క మరా తిప్పి, చెవి చెక్కకి ఆనించి, దారాలన్నిటినీ దారిలోకి తెచ్చాడు. తెచ్చాక ఊరుకోలేక ఎడం చేతి చూపుడు వేలు ఒక చోట, నడిమి వేలు ఇంకో చోట పెట్టి చూశాడు. పలికింది. పాత పలుకు కాదు. మధ్యలో ఖాళీలున్న పలుకు. ఆ ఖాళీల్లోంచి సముద్రం వినపడింది. సీతాలు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది, తన కళ్ళు వాడు చూడకుండా.

ఆ వారమే ఇద్దరూ ట్రెక్కరెక్కారు. గిటారుకి నీచు వాసన అంటకుండా గోధుమ పిండి సంచిలో పెట్టి మూతి కుట్టింది. గేటు దగ్గర వాసవీకుమారి ఆ సంచిని ఎగాదిగా చూసింది.

"ఇంత పెద్ద చేపేమిటే! ఇది ఇంట్లోకి తేవడానికి వీల్లేదు."

"సేప కాదమ్మా. ముల్లు నేదు, పొలుసు నేదు. కొట్టి సూసుకోండి."

పైడన్న సంచి మీద వేళ్ళతో కొట్టాడు. డుబుక్కుమంది. వాసవీకుమారి నవ్వాపుకోలేక గేటు తీసింది.

మేడ మీద ఏం జరిగిందో సీతాలు చూడలేదు. ఆమె మావుసీ మెట్ల మీద కత్తిపీట దగ్గరే ఉంది. వింది. ముందు భీమేశ్వరరావు తన ఇనుప తీగల్ని ధడాలున కొట్టాడు. అతనికి పాశ్చాత్యుల రాక్ సంగీతమంటే ప్రాణం, చెయ్యి బరువు. చాలాసేపు ఆ ఒక్క గిటారే మోగింది. తమ్ముడు భయపడి దిగి వచ్చేస్తాడేమోనని ఆమె గేటు వైపే చూస్తూ కూచుంది. తర్వాత ఆ ఉరుముల మధ్య ఎక్కడో తంగూసు పలికింది, సన్నగా, ఆగి ఆగి. ఉరుము తగ్గింది. ఇది పెరిగింది. గోవా ఒడ్డు మీద ముసలాయన నేర్పిన ఏ దేశపు నడకో అది. కాసేపటికి ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు గిన్నెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"సీతాలూ, కోస్తావా కొయ్యవా?" అంది ఒకావిడ.

"ఉండమ్మా. మా తమ్ముడు వాయిత్తన్నాడు."

రెండేళ్ళు అలా గడిచాయి. వారానికి రెండు పొద్దులు. ఇంటి గుమ్మంలోంచి కేకేస్తే మాత్రం పైడన్న ఇంకా పలికేవాడు కాదు. వాసవీకుమారి పైడన్నకి మొదట అరుగు మీద కాఫీ ఇచ్చేది, తర్వాత వంటింటి గుమ్మం దగ్గర ఉప్మా పెట్టేది, తర్వాత "వీడు తినకుండా వెళ్ళిపోయాడే" అని గోడ మీంచి సీతాలుకి ఫిర్యాదు చేసేది. ఇద్దరూ కలిసి తొమ్మిది పాటలు కట్టారు. ఒక్కదానికీ మాట లేదు, ఉత్త రెండు గిటార్లే. ఒకదాని పేరు "తంగూసు", ఒకదాని పేరు "మొదటి ట్రెక్కరు". భువనేశ్వర్ వెళ్ళి మూడు రోజులుండి ఒక స్టూడియోలో వాయించి వచ్చారు. సీడీ వేయించాలనుకున్నారు. పాటల పేర్లు చాలావరకు భీమేశ్వరరావు పెట్టాడు కాబట్టి, సీడీకి పేరు పైడన్నే పెట్టాలన్నాడు. పైడన్న వారం రోజులు ఆలోచించాడు. ఈలోగా అట్టలు అచ్చువేసే ప్రెస్సాయనకి సీతాలు ఫోను నంబరు ఇచ్చారు, పైడన్నకి ఫోను లేదు కనక.

ఒక పొద్దున వాడు రంభ ఊరికి వెళుతూ చెప్పాడు. "అప్పా, బువనేసర్ నుంచి ఫోనొత్తాది. పేరేటంటే 'వలస' అని సెప్పు. వలస. మరిసిపోకు."

"వలస. ఇందులో మరిసిపోడానికేటున్నాది," అంది సీతాలు. ట్రెక్కరులో దారి పొడుగునా వలస, వలస అనుకుంటూనే వచ్చింది.

ఆ రోజుల్లో బరంపురంలో ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాతర. సందు సందునా డప్పులు, పులివేషాలు, తాషాలు. సీతాలు బేరం మధ్యలో ఉండగా ఫోను మోగింది. ఆ వేళకి రోజూ ఐసు డిపో కాసులు ఫోను చేస్తాడు, రేపటికి ఎంత ఐసు కావాలని. వాడే అనుకుంది. సరిగ్గా అప్పుడే మావుసీ ఇంటి ముందుకి పులివేషం వచ్చింది.

"ఆగ్యాఁ, నాఁ కొణొ?" అంది ఫోను. పేరేమిటండీ అని. ఆమెకి ఒడియా తెలుగంత బాగా వచ్చు. కానీ డప్పుల్లో ఒక్క ముక్క వినపడలేదు.

"ఏటి?"

"నాఁ... నాఁ కొణొ హెబొ?"

"ఏటీ?"

"ఏటి?" అన్నాడు అవతలివాడు.

"ఏ...టీ...!" అని అరిచింది సీతాలు, పులి ఉలిక్కిపడేలా.

"ఏటి. ఠిక్ అఛి?"

ఆ "ఠిక్ అఛి" ఒక్కటి వినపడింది. సరేనా అంటున్నాడు, కాసులే. "హఁ, ఠిక్ అఛి, ఠిక్ అఛి," అని పెట్టేసింది. ఆ రోజంతా భువనేశ్వర్ ఫోను కోసం చూసింది. రాలేదు.

మర్నాడు పైడన్న వచ్చి, "ప్రెస్సాయనకి పేరు సెప్పినావంట కదా. బీమేస్సర్రావుగారు సెప్పినాడు," అన్నాడు. సీతాలుకి అర్థం కాలేదు. తను చెప్పలేదే. భీమేశ్వరరావు బాబే చెప్పి ఉంటాడు, తన మర్యాద నిలబెట్టడానికి అలా అన్నాడు కాబోలనుకుంది. "ఊఁ," అంది. ఆ "ఊఁ" తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో.

యాత్ర అయిపోయింది. ఎండలు అయిపోయాయి. నెలలో ఇస్తానన్న ప్రెస్సు వానలు పడేదాకా ఇవ్వలేదు. ఈలోగా గోవా మేస్త్రీ ఊళ్ళోకి వచ్చాడు. బోట్లు కదిలే రోజులు. చెయ్యి పోయినా వంట చెయ్యొచ్చు, రమ్మని పైడన్నని పిలిచాడు. లక్ష్మివారం రైలు. పైడన్న రానని అనలేదు, వస్తానని అనలేదు. "అది వచ్చినాక సూత్తాను," అన్నాడు. అది అంటే సీడీ. మళ్ళీ ఆ బోటు ఎక్కితే వాడు ఇక ఎప్పటికీ పలకడని సీతాలుకి తెలుసు. అందుకే ఆ సీడీ కోసం వాడికన్నా ఎక్కువ ఆమే ఎదురుచూసింది.

మంగళవారం పెట్టె వచ్చింది. వాసవీకుమారి అరుగు మీద విప్పారు. సీతాలు మావుసీ మెట్ల మీద నుంచి మెడ సాచి చూస్తోంది. భీమేశ్వరరావు ఒకటి తీశాడు. తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. మొహం ఎర్రబడింది. ఫోను తీసి అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఈ పేరు ఎవరు చెప్పారండీ మీకు?"

"ఆ అమ్మే చెప్పింది బాబూ," అంది ప్రెస్సాయన గొంతు. "రెండుసార్లు అడిగాను, మళ్ళీ పలికి చూపించాను. మూడుసార్లూ అదే చెప్పింది. మూడోసారి చాలా గట్టిగా చెప్పింది. ఠిక్ అఛి అని కూడా అంది."

అందరూ గోడ మీంచి సీతాలు వైపు చూశారు. డప్పులు, పులి, ఐసు కాసులు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు తిరిగాయి. చేతులు కడుక్కోవడం మరిచిపోయి గేటు దాకా వచ్చేసింది.

"నానే బావూ. ఐసు కాసులనుకున్నాను. ఇనపడక ఏటి, ఏటి అన్నాను. తర్వాత అడిగితే ఊఁ అనీసినాను. తప్పు నాదే."

పైడన్న సీడీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాన్నే చూస్తున్నాడు. గిటారు భుజాన వేసుకుని, గేటు తీసుకుని, అక్క పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు.

"పైడీ," అంది. పలకలేదు.

వాసవీకుమారి వచ్చి ఒక సీడీ ఆమె చేతిలో పెట్టింది. చేప పొలుసులు అంటిన చేతిలో. "ఏడవకే. మళ్ళీ అచ్చు వేయిద్దాం. అట్టే కదా." సీతాలు తడి కళ్ళతో ఆ అట్ట వంక చూసింది. నీలం మీద తెల్లగా మూడు పెద్ద గుర్తులు. మూడు పళ్ళ దువ్వెన. తెరచాప కొయ్య. ఉత్త కర్ర.

ఎక్కడో చూసింది. ఎక్కడ?

మిగిలిన చేపలు మావుసీకే ఇచ్చేసి ట్రెక్కరెక్కింది. సగం దారిలో గుర్తొచ్చింది. గిటారు కడుపులో. ప్రెస్సాయన ఎప్పుడూ చూడని చోట. ఇదెలా? వాడు గోవా వెళ్ళిపోతాడన్న భయం మాత్రం పోలేదు. ఊళ్ళో దిగి ఇంటికి పరిగెత్తింది. ముందు దూలం వైపు చూసింది. వలముక్క ఉత్తదే వేలాడుతోంది. వాడి గోవా సంచీ మూల చూసింది. ఉంది. ఊపిరి పీల్చుకుని గుమ్మంలోకి వచ్చింది.

మధ్యాహ్నపు ఎండ. మబ్బు విడిచి సముద్రం తెల్లగా మెరుస్తోంది.

"ఒరే పైడీ!"

అల వచ్చి విరిగింది.

"ఒరే పైడీ!"

ఏమీ లేదు. మూడోసారి అరవలేదు, మామూలుగానే అంది. "పైడీ."

"ఏటే?"

ఒడ్డున బోర్లించిన పడవ వెనక నుంచి. ఆమె లోపలికి వెళ్ళిపోలేదు ఈసారి. ఇసకలో పరిగెత్తింది. పైడన్న పడవకి వీపు ఆనించి కూచుని ఉన్నాడు. ఒళ్ళో గిటారు, మీద సీడీ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది.

"నానేదో పాడుసేసినానని ఎల్పోయినావు కదరా."

"నువ్వేటి పాడుసేసినావు? నలుగురి ముందు ఏడవనేక ఎల్పోయినాను. నువ్వూ ఏడుత్తావని నాకేటి తెలుసు?" గిటారు ఎత్తి దాని కడుపు ఆమె వైపు తిప్పాడు. "సూడు. ఇందులో ఏటి రాసున్నాది?"

"దువ్వెన. తెరసాప కొయ్య. కర్ర."

పైడన్న పడీపడీ నవ్వాడు. "ఏటి. అదే ఇంగిలీసులో రాసున్నాది. గోవాలో ఆ ముసలాయన నన్ను ఎప్పుడు పిల్సినా నాను 'ఏటి' అనీవోణ్ణి. నా పేరే అదనుకున్నాడు. ఏటీ, రా. ఏటీ, కూకో. ఏటీ, ఇది ఇలాగ కాదు. ఆరేళ్ళు అలాగే పిల్సినాడు. సిగ్గేసి నానూ సెప్పనేదు. ఎల్పోయీటప్పుడు నా పేరని ఇందులో రాసిచ్చినాడు." సీడీ మీద చెయ్యి వేశాడు, మూడు వేళ్ళ చెయ్యి. "సెయ్యి పోయినాక ఆ పేరున్నోడూ ఆ బోటు మీదే పోయినాడనుకున్నానే. నువ్వు మల్లీ తెచ్చినావు. పులేసం ముందు కూకోని."

సీతాలు ఇసకలో కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఏటో," అంది. ఇద్దరూ నవ్వారు.

లక్ష్మివారం రైలుకి మేస్త్రీ వెంట ఊరివాళ్ళు వెళ్ళారు గానీ పైడన్న మాత్రం వెళ్ళలేదు. అట్టలు మళ్ళీ అచ్చు వేయించలేదు. భీమేశ్వరరావు కథంతా విని, "నేను వందేళ్ళు కూచున్నా ఇంత మంచి పేరు దొరకదు," అన్నాడు. వాసవీకుమారి ఇంటికి వచ్చినవాళ్ళకి ఆ సీడీ చూపించి, "ఏటి ఒడ్డు, ఏటి గాలి అంటాం కదా, ఆ ఏటి. అచ్చ తెలుగు మాట," అని చెబుతుంది. మావుసీ ఏమో, కాదు, అది ఒడియా "ఏఇటి", ఇదిగో ఇదే అని దాని అర్థం అంటుంది. ఇద్దరూ గోడకి ఇటూ అటూ వాదించుకుంటుంటే సీతాలు కింద కూచుని చేపలు కోస్తూ ఎవరి మాటకి వారికి తల ఊపుతుంది.

ఆ నెలలోనే ఆమె ఒక పొట్లం ఎండు నెత్తళ్ళు కట్టి, భువనేశ్వర్ వెళ్ళేవాళ్ళ చేత ప్రెస్సాయనకి పంపించింది. ఆయన ముట్టినట్టు చెప్పడానికి ఫోను చేశాడట. మంచి నెత్తళ్ళు, చాలా సంతోషం అన్నాడట. తర్వాత ఫోను అందుకున్న పైడన్న చెప్పాకే ఆ మాట సీతాలుకి తెలిసింది. ఫోను ఎత్తింది మాత్రం ఆమే.

"ఏటి?" అంది మామూలుగానే.